రాత్రి పోర్టరు, పగలు విద్యార్థి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన గొలుగొండ, నర్సీపట్నం వైపు నుంచి కూడా ఈ రోజుల్లో పిల్లలు పై చదువులకు విదేశాలు పోతున్నారు. మొన్న ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి, తన కొడుకు అక్కడ చదువుకుంటూనే సాయంత్రాలు క్యాంటీనులో గిన్నెలు కడుగుతున్నాడనీ, ఈ సంగతి బిరాదరీలో ఎవరికీ చెప్పవద్దనీ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆయనకు మేము చెప్పిన ఒక మహనీయుని చరిత్రనే ఇక్కడ రాస్తున్నాము.

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువుకునే వయసులోనే తండ్రి పోయారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది దొర ప్రొఫెసరుకు కంటగింపయింది. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. రోగాల మూలం తెలుసుకోవాలనే పట్టుదల అప్పటినుంచి ఇంకా పెరిగింది.

మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయంతో 1923 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదువుకు కుదిరారు. తెచ్చుకున్న డబ్బు చాలలేదు. తన పట్టాతో అక్కడ డాక్టరు కొలువు దొరకలేదు. అందుకని పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం ఆ పని. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి ఆ పని చేశారండీ! పగలు మాత్రం చదువు వదలలేదు.

తరువాత ఫిస్క్ గారి ప్రయోగశాలలో పనిచేసి, ఒంట్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల గుట్టు విప్పారు. 1930లో పిహెచ్.డి. వచ్చింది. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. రక్త క్యాన్సరు పిల్లలకు వాడిన తొలి మందుల్లో ఒకటి, ఆరియోమైసిన్, బోదకాలుకు హెట్రజాన్ కూడా అక్కడివే. మన కోస్తా జిల్లాల్లో ఫైలేరియా నివారణకని ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే.

అయితే దీనికి చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. ఆయన ఓడ ఎక్కిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనేలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, పరాయి గడ్డమీదే కన్నుమూశారు.

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి. కష్టపడి తిన్న అన్నం హలాల్ అన్నం, దానికి సిగ్గెందుకు? కాని పని చదువును మింగెయ్యకూడదు. అమెరికాలో చదువు నడిచే రోజుల్లో విద్యార్థికి కాలేజీ ఆవరణలో వారానికి 20 గంటల పనే అనుమతి. అది దాటితే వీసాకే ముప్పు. ఇంటినుంచి డబ్బు పంపమని ఒత్తిడి చేస్తే పిల్లవాడు ఆ గీత దాటేస్తాడు.

ఆ పెద్దాయనతో మేము ఒక్కటే అన్నాము: ఈ రాత్రి కొడుకుకు ఫోను చేసి, డబ్బు మాట ఎత్తకుండా, భోంచేశావా నాయనా అని అడగమన్నాము.