చూస్తున్నామనుకునే కళ్లకు చూపు

పుట్టుగుడ్డివాడికి యేసుప్రభువు చూపునిచ్చాడు. ధర్మశాస్త్రం క్షుణ్ణంగా తెలిసిన పరిసయ్యులు మాత్రం కళ్లెదుటే జరిగిన ఆ అద్భుతాన్ని గ్రహించలేకపోయారు (యోహాను 9వ అధ్యాయం). తమకన్నీ కనబడుతున్నాయన్న ధీమాయే వారి అంధత్వం. విశ్వాసులకు కూడా అలాంటి అంధత్వం ఉండవచ్చని బిషప్ అజరయ్య జీవితం చెబుతుంది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో ఒక పాస్టరుగారింట పుట్టారు. బైబిలు, ప్రార్థన ఆయనకు ఉగ్గుపాలతో అబ్బాయి. వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకులకు వాక్యం బోధించేవారు. 1902లో ఆయన జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తామే కానుకలు కూడబెట్టి సువార్తికులను పంపడం చూసి నివ్వెరపోయారు. వేలాదిమంది విశ్వాసులున్న తన తిరునెల్వేలి సంఘం ఆ భారాన్ని విదేశీ మిషనరీలకే వదిలేసింది. ఇన్నాళ్లూ తనకది లోపంగానే కనబడలేదు! ఆ రోజు ఆయన కళ్లు తెరుచుకున్నాయి.

మరుసటి ఏడాదే, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. అది ఎంచుకున్న పొలం తెలుగునేల. ఇతరులను పంపడంతో ఆయన సరిపెట్టుకోలేదు. 1909లో తానే మిషనరీగా దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1920లలో కర్నూలు, కడప జిల్లాల్లోని ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు ప్రాంతాల సంఘాలు కూడా ఆయన కాపుదలలోకి వచ్చాయి. కరవు సీమ పల్లెల్లో ఊరు వెలివేసిన మాల, మాదిగల వంటివారిలో లోకం అంటరానితనాన్నే చూసింది. ఆయన వారిలో సువార్తికులను చూశారు. బాప్తిస్మం పొందినవారు తమ తలపై చేయి ఉంచుకుని, సువార్త ప్రకటిస్తామని పౌలులా ఒప్పుకునేలా చేశారు.

ఆయన కట్టించిన దోర్నకల్ కెథీడ్రల్ 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ అయింది. నక్షత్రాన్ని చూసి జ్ఞానులు ప్రభువు దగ్గరకు వచ్చిన సందర్భమది. లేఖనాలు తెలిసిన యెరూషలేము శాస్త్రులు ప్రభువు పుట్టే ఊరి పేరు చెప్పారు కానీ, అడుగు కదపలేదు. అజరయ్య 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి చేరుకున్నారు.

మనకూ లేఖనాలు తెలుసు. ఆదివారం మందిరం నిండుతుంది. మరి మన వీధి చివర ఇంట్లోని ఆకలి, పక్క పల్లెలోని కన్నీరు మనకు కనబడుతున్నాయా? చూపు కావాలని ప్రభువును అడగడానికి ముందు, మనకు చూపు లేదని ఒప్పుకోవాలి. అద్భుతం అక్కడే ఆరంభమవుతుంది.