హక్కు ఎరిగిననాడే హక్కు – శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

హక్కు ఉండడం వేరు, అది ఉన్నదని ఎరగడం వేరు. ఈ భేదాన్ని చెరసాలలో గ్రహించి, దానిని తొలగించడానికి జీవితాంతం కృషి చేసిన మహనీయురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909 జూలై 15న రాజమహేంద్రవరంలో ఆమె జన్మించారు. ఎనిమిదవ ఏట జరిగిన బాల్యవివాహాన్ని యుక్తవయస్సు వచ్చాక ఆమె అంగీకరించలేదు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, పన్నెండేళ్ళ ఆ బాలిక దేవదాసీలకూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలకూ ఆయన దర్శనం కల్పించింది. ఏ సభకూ పిలుపు లేనివారే ఆనాడు ఆమె కంటికి ముందుగా కనిపించారు.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె కారాగారవాసం అనుభవించారు. మధుర జైలులో ఘోరనేరాలకు శిక్ష పొందిన స్త్రీలను చూశారు. చట్టమంటే ఏమిటో, తమ పక్షాన ఏమి చెప్పుకోవాలో తెలియని అభాగినులు వారిలో ఉన్నారు. న్యాయశాస్త్రం అభ్యసించాలనే సంకల్పం ఆమెకు అక్కడ కలిగింది. అప్పటికి ఆమె మెట్రిక్యులేషన్ అయినా పూర్తి చేయలేదు. కాశీలో ఆ పరీక్ష గట్టెక్కి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం చదివి, మద్రాసులో న్యాయవాద పట్టా సాధించారు. ఈ మధ్యకాలంలోనే, 1937లో, ఆంధ్ర మహిళా సభను నెలకొల్పారు.

1946లో రాజ్యాంగసభ సభ్యురాలైన ఆమె, హిందీ ఉర్దూల కలయికయైన హిందుస్తానీ జాతీయభాష కావాలని వాదించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీల కోసం ఆ బోర్డు 1958లో సంక్షిప్త విద్యా తరగతులు ప్రారంభించింది. ఆలస్యంగా చదువుకొన్న ఆమె జీవితానుభవమే ఆ తరగతులలో ప్రతిఫలించింది. 1975లో పద్మవిభూషణ్ బిరుదం ఆమెను వరించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

ఆమె పాలుపంచుకొన్న రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు మన అరకు కొండలలోని గిరిజనుల భూమికి రక్షణ. బొర్రా ప్రాంతపు గనుల లీజుల వ్యాజ్యంలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణ బలాన్ని లోకానికి చాటింది. షెడ్యూలు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఉన్నది. దానిని చదివి న్యాయస్థానం దాకా తీసుకువెళ్ళినవారు ఉండబట్టే ఆ గిరిజనులకు అది ఫలించింది. చదువుకొన్న ప్రతి విద్యార్థీ చదువుకోని ఒక్కరికైనా వారి హక్కును తెలియజెప్పడమే దుర్గాబాయమ్మకు మనం అర్పించగల నివాళి.