కంభము చెరువు రాణి

కంభము సీమలో చదువురానివారును ఎరిగిన రాణి వరదరాజమ్మ. ఆమె ఓఢ్రరాజగు ప్రతాపరుద్ర గజపతి కూతురు. 1515లో కొండవీడు చేజారిన పిదప గజపతి సంధికి దిగి, ఆమెను శ్రీకృష్ణదేవరాయల కిచ్చి వివాహము చేసెను. పండితులు తుక్కాదేవి యందురు. జగన్మోహిని యనువారును కలరు. పేరే తెగని చిక్కు!

పెండ్లివేళ ఏదో కుట్ర బయలుపడెననియు, రాయలు శంకించి ఆమెను విడనాడెననియు, ఆమె కంభమున ఒంటరిగా కాలము గడపెననియు ప్రతీతి. సంపెంగను మూర్కొనని తుమ్మెద నెపమున మగని నిరాదరణమును తలపోసిన సంస్కృత శ్లోకములైదు, తుక్కాపంచకమను పేర, ఆమెవే యందురు.

పెద్దలనోట ఈ కథ విన్నవారికి కన్నులు చెమర్చును. కాని చెరువుకట్ట నెక్కి చూచినవారికి వేఱొక సందేహము పుట్టును. ఆ చెరువును కట్టించినదియు ఆమెయే యని వాడుక. రెండు కొండలనడుమ గుండ్లకమ్మ కడ్డముగా 57 అడుగుల యెత్తున నిలిచిన కట్ట అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము వారసత్వ కట్టడముగా గుర్తించినది. అంతటి పనికి ధనము కావలెను, వేలకొలది కూలిజనము కావలెను, అన్నిటికి మించి రాజాజ్ఞ కావలెను. మగడు త్రోసివేసిన యాడుదానికి ఇవి యెట్లు సమకూడెను? పుట్టినింటి అరణమంతయు మట్టిలో పోసెనేమో. లేక, రాయలు జనులు చెప్పుకొనునంత కఠినుడు కాడేమో.