కాపురం కన్నా జైలే నయమన్న రుక్మాబాయి

1864లో బొంబాయిలో పుట్టిన రుక్మాబాయికి పదకొండేళ్లకే పెళ్లి చేశారు. కాపురానికి మాత్రం పంపలేదు. పుట్టింట్లోనే, డాక్టరైన మారుతండ్రి సఖారాం అర్జున్ అండతో చదువుకుంది. 1884లో భర్త దాదాజీ, పెళ్లాన్ని తనకు అప్పగించమంటూ హైకోర్టుకెక్కాడు.

ఊహ తెలియని వయసులో కట్టిన తాళికి తనెందుకు కట్టుబడాలన్నది ఆవిడ వాదన. 1885లో జడ్జి పిన్హీ ఆవిడ పక్షానే తీర్పిచ్చాడు. నిజానికి ఇలాంటి దావా మన ధర్మశాస్త్రాల్లోది కాదు, ఇంగ్లీషువాళ్లు తెచ్చిపెట్టింది. అయినా తిలక్‌తో సహా ఎందరో పెద్దలు ధర్మం మంటగలిసిందని గగ్గోలు పెట్టారు. అప్పీలులో కేసు తిరగబడింది. 1887లో, భర్త దగ్గరికి వెళ్లకపోతే ఆరు నెలల జైలు తప్పదంది కోర్టు. ఆవిడ జైలుకే సిద్ధపడ్డారు! ఆ రోజుల్లో ఎంత గుండె ధైర్యం కావాలి దానికి! చివరికి 1888లో దాదాజీ రెండు వేల రూపాయలు పుచ్చుకుని రాజీపడ్డాడు. రెండు వేలకి తీరిపోయే ధర్మం కాబోలు అది!

ఈ కేసు రేపిన చర్చ కూడా తోడై, పన్నెండేళ్లు నిండని పిల్లతో కాపురం నేరమని 1891లో చట్టం వచ్చింది. అంతకుముందు పదేళ్లే. పెంచింది రెండేళ్లు!

ఆవిడ లండన్‌లో వైద్యం చదివి, 1895 నుంచి సూరత్‌లో, తర్వాత రాజ్‌కోట్‌లో ఆడవాళ్ల ఆసుపత్రులు నడిపారు. 1955 సెప్టెంబరులో కన్నుమూశారు.

ఆ ఏడాది మేలోనే హిందూ వివాహ చట్టం వచ్చింది. ఆడదానికి విడాకుల హక్కిచ్చిన ఆ చట్టమే, దాదాజీ వేసినలాంటి దావాని తొమ్మిదో సెక్షన్‌లో అట్టేపెట్టింది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లదంది. 1984లో సుప్రీంకోర్టు చెల్లుతుందంది.