సంగమగ్రామ మాధవుడు - చాపీకరణం

భారతీయ జ్యోతిర్గణితంలో చాపం నుండి జ్యను తెచ్చుట ఒక ఎత్తు, జ్య నుండి చాపాన్ని రాబట్టుట మరొక ఎత్తు. గ్రహస్ఫుటానికై మందఫలం సాధించునపుడు గణకునికి మొదట లభించేది జ్యారూపమైన ఫలం. కావలసినది దాని చాపం, అనగా కోణం. ఆర్యభటీయం (క్రీ.శ. 499) 225 కలల అంతరంతో 24 జ్యలను నిర్దేశించింది. గణకులు ఆ పట్టికను వెనుక నుండి చదివి, మిగిలిన శేషానికి త్రైరాశికం చేసి చాపాన్ని గ్రహించేవారు. కోరినంత సూక్ష్మతతో చాపాన్ని నేరుగా ఇచ్చే విధానాన్ని ఉపదేశించిన మహనీయుడు మాధవుడు.

మాధవుడు సుమారు 1340 - 1425 నడుమ కేరళలో జీవించాడు. ఆయన నివాసమైన సంగమగ్రామం నేటి ఇరింజాలకుడ అని పండితుల అభిప్రాయం. ఉపలబ్ధ కృతులలో వేణ్వారోహం, స్ఫుటచంద్రాప్తి ముఖ్యమైనవి. రెండూ చంద్రస్ఫుట విషయకాలు. గోళవిదుడని ఆయనకు ప్రసిద్ధి. దృగ్గణితకర్త పరమేశ్వరుడు ఆయన శిష్యుడు.

ఆయన చాపీకరణ విధానం ఇది. ఇష్టజ్యను త్రిజ్యతో గుణించి కోటిజ్యతో భాగింపగా వచ్చినది ప్రథమఫలం. దానిని జ్యావర్గంతో గుణించి కోటివర్గంతో భాగించుచు పోగా తక్కిన ఫలాలు వచ్చును. వీటిని వరుసగా 1, 3, 5, 7 మొదలగు బేసిసంఖ్యలతో భాగించి, ఒకటి విడిచి ఒకటి కూడి, నడిమివాటిని తీసివేయవలెను.

జ్య కోటిలో సగమైనచో, త్రిజ్య 3438 కలలుగా ప్రథమఫలం 1719. దాని నుండి 143.25 తీసి, 21.49 కూడి, 3.84 తీసి, 0.75 కూడగా దాదాపు 1594 కలలు, అనగా 26 అంశల 34 కలలు. ఐదు పదాలతోనే కోణం కలవరకు తేలినది.

జ్యాకోటులలో చిన్నదానినే ఇష్టంగా గ్రహించవలెనన్న నియమం ఇందులో కీలకం. లేనిచో ఫలాలు తగ్గవు, గణనకు అంతముండదు. జ్య పెద్దదైనచో కోటిచాపాన్ని సాధించి 90 అంశల నుండి తీసివేయవలెను. రెండూ సమమైనచో చాపం 45 అంశలు. దాని నుండియే పరిధి సిద్ధించును. కాని అక్కడ ఫలాలు మిక్కిలి మెల్లగా తగ్గుటచే అంత్యసంస్కారం అవసరమైనది. 900000000000 వ్యాసానికి 2827433388233 పరిధి అని మాధవుడు నిర్ణయించాడు.

ఈ శ్రేణిని వివరించిన మాధవుని స్వతంత్రగ్రంథం లభించలేదు. 16వ శతాబ్దిలో జ్యేష్ఠదేవుడు యుక్తిభాషలో దానికి ఉపపత్తిని మలయాళంలో వివరించాడు. లీలావతికి క్రియాక్రమకరీ వ్యాఖ్య రచించిన శంకర వారియర్ మాధవుని పేరు నిలిపాడు. ఐరోపాలో గ్రెగరీ 1671లో ఇదే శ్రేణిని కనుగొన్నాడు. 1834లో విష్ వ్యాసం ద్వారా కేరళ గణితం పాశ్చాత్యులకు తెలిసినను, చాలకాలం ఆదరణ పొందలేదు.

శిష్యులు గురువు పేరు చెప్పక విధానాన్ని మాత్రమే వ్రాసియుండినచో, ఈ చాపీకరణం నేడు కర్త తెలియని సూత్రంగా మిగిలియుండెడిది. వ్యాఖ్యానాలను మూలంతో సమానమైన శ్రద్ధతో పరిశీలించవలసిన ఆవశ్యకతకు మాధవుని చరిత్రయే నిదర్శనం.