కాచిగూడ స్టేషన్ కట్టించిన ఏడో నిజాం

అద్దంకి వాళ్లం రైలెక్కాలంటే ఒంగోలుకో చీరాలకో పోవాలి. అయినా హైదరాబాద్ వెళ్లినప్పుడు కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు మనలో చాలామంది చూసే ఉంటారు. అది ఎవరి హయాంలో లేచిందో పిల్లలకు చెప్పాలి.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాద్‌లో పుట్టారు. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ చనిపోవడంతో 1911లో ఏడో నిజాంగా గద్దెనెక్కారు. ఐదేళ్లకే, 1916లో, కాచిగూడ స్టేషన్ తయారైంది. అప్పట్లో రైళ్లు నడిపేది ఇంగ్లీషు కంపెనీ, లాభానికి పూచీ మాత్రం నిజాం సర్కారుది. 1930లో ఆ రైల్వేను సర్కారే తీసుకుంది. 1932లో రైల్వే కిందే బస్సులు కూడా మొదలుపెట్టారు. ఈరోజు అద్దంకి బస్టాండులో మనం ఎక్కే ఆర్టీసీకి మూలం అదే.

అంతమాత్రాన ఆయన పాలనలో తప్పుల్లేవని కాదు. దొరల కింద రైతులు నలిగారు, రజాకార్ల దౌర్జన్యాలూ జరిగాయి. 1948లో సంస్థానం భారత్‌లో కలిసింది. 1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. కింగ్ కోఠి ఎదురుగా మస్జిద్-ఎ-జూదీలో ఖననం చేశారు.

కొత్త స్టేషన్ కోసం సికింద్రాబాద్ పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చేశారు. కాచిగూడ ఇంకా నిలబడి ఉంది, రోజూ పని చేస్తూనే ఉంది. లెక్కల పుస్తకాల్లో పాత భవనం విలువ ఏటా తరుగుతుంది. కానీ కూలిస్తే పోయే చరిత్రకు ఆ పుస్తకంలో పద్దు ఉండదు. ఈసారి వెళ్తే పిల్లల్ని అక్కడ ఓ ఐదు నిమిషాలు ఆపి చూపించండి.