శిలలను చదివిన వైద్యుడు

నిజామాబాదు పట్టణమునందలి ఖిల్లా ఒక బండరాతి గుట్టపై నిలిచియున్నది. ఆ రాతిని దగ్గరగా చూచినచో తెలుపు, గులాబి, నలుపు రంగుల పలుకులు విడివిడిగా కంటికి కనబడును. అచ్చటినుండి బోధను మీదుగా పడమరకు పోయినకొలది ఎఱ్ఱ చెలకనేల తగ్గి, చెరకు పండు నల్లరేగడి కానవచ్చును. మంజీర దాటి ఇంకను ముందునకు సాగినచో, మెట్లుమెట్లుగా లేచి పైభాగమున చదునుగానున్న నల్లని గుట్టలు ఎదురగును. ఈ నల్లరాతిలో పలుకులు కంటికి ఆనవు. ఒకే సీమయందు ఈ రెండు రాళ్లకును ఇంత భేదమేల? దక్కను భూమిపై ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకిన తొలివారిలో డాక్టరు హెన్రీ వెస్లీ వాయిసీ ముఖ్యుడు.

వాయిసీ ఆంగ్లేయుడు, వృత్తిచే వైద్యుడు. భారతదేశమును త్రిభుజములుగా విభజించి కొలుచుచుండిన మహా త్రికోణమితి సర్వేలో 1818వ సంవత్సరమున ఆయన వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను చేరెను. విలియం లాంబ్టన్ ఆ సర్వేకు నాయకుడు. వాయిసీ సర్వే బృందములోని రోగులకు చికిత్స చేయుచు, దారి పొడుగునను రాళ్లను పరీక్షించుచుండెను.

ఆ కాలమున రాళ్ల పుట్టుకను గూర్చి ఐరోపాలో గొప్ప వివాదము నడచుచుండెను. గ్రానైటు, బసాల్టు మున్నగు శిలలు ఆదిసముద్రపు నీటినుండి పేరుకొన్నవని జర్మను పండితుడు వెర్నర్ బోధించెను. అవి భూమిలోపలి వేడిచే కరగి, పిదప గట్టిపడినవని స్కాట్లండు వాసి జేమ్స్ హట్టన్ 1785లో వాదించెను. ఇద్దరును గతించినను వాదము పూర్తిగా చల్లారలేదు.

1819లో వాయిసీ, జార్జి ఎవరెస్టుతో కూడ కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులలో ప్రవేశించెను. అచ్చట విషజ్వరము బృందమును చుట్టుముట్టెను. పలువురు మంచము పట్టిరి, కొందరు మరణించిరి. వైద్యుడైన వాయిసీకి సైతము జ్వరము తప్పలేదు. అందరును హైదరాబాదునకు చేర్చబడిరి. కోలుకొన్న పిదప ఆయన తన పనిని విడువక మరల అడవులకును కొండలకును బయలుదేరెను.

దక్కనునందలి నల్లరాతి పొరల నడుమ ఆయనకు మంచినీటి నత్తగుల్లల శిలాజములు దొరకెను. నీటిలో బ్రదుకు ప్రాణుల గుల్లలు కనబడుటచే, ఇది వెర్నర్ పక్షమునకు సాక్ష్యమని ఎవరికైనను తోచును. కాని వాయిసీ తొందరపడలేదు. పెక్కుచోట్ల పరిశీలించి, నల్లరాయి అగ్నిజన్యమనియే నిర్ణయించెను. లావా చల్లారిన పిదప దానిపై చెరువులు ఏర్పడెననియు, తరువాత వెలువడిన లావా ఆ చెరువుల బురదను, గుల్లలను కప్పివేసెననియు శాస్త్రజ్ఞులు నేడు చెప్పుచున్నారు.

కరగిన శిలాద్రవము గట్టిపడి ఏర్పడినవి అగ్నిశిలలు. భూమిలో చాల లోతున అది మెల్లగా చల్లారును. అందుచే స్ఫటికములు పెద్దవిగా పెరుగును. గ్రానైటు అట్టిది. భూమిపైకి పొంగిన లావా త్వరగా చల్లారుటచే స్ఫటికములు మిక్కిలి సన్నముగా నుండును. బసాల్టు అట్టిది. పగుళ్లలో గోడలవలె గట్టిపడిన డోలరైటు ఈ రెంటికి నడిమిది. సిలికానుబట్టి వేరొక విభాగము గలదు. నూటికి సుమారు 70 వంతులు సిలికాగల గ్రానైటు ఆమ్లశిల. సుమారు 50 వంతులు గల బసాల్టు క్షారశిల. తెలంగాణమునందలి గ్రానైటులో చాలభాగము ఇంచుమించు 250 కోట్ల ఏండ్ల నాటిది. దక్కను లావా సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట పొంగినది. ఆ లావారాయి అరిగి శిథిలమగుటచే నల్లరేగడి ఏర్పడినది. చెరకునకు అనువైన అట్టి నేలయు, 1931లో పూర్తియైన నిజాంసాగరు జలములును ఉండుటచేతనే 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 2015లో అది మూతపడినను నేలగుణము మారలేదు.

1823లో లాంబ్టన్ హింగన్‌ఘాటునందు మరణించెను. మరుసటి సంవత్సరమున కలకత్తాకు పోవుచు వాయిసీయు కన్నుమూసెను. ఆయన రచనలు కొన్ని మరణానంతరమే ఆసియాటిక్ సొసైటీ గ్రంథములలో అచ్చుపడెను. భారత భూగర్భ సర్వేక్షణశాఖ స్థాపింపబడినది 1851లో. అంతకు ఎన్నియో ఏండ్లకు పూర్వమే, తోడ్పడు సంస్థయేదియు లేని దినములలో, ఆయన హైదరాబాదు ప్రాంతపు శిలలను పటముపై గుర్తించెను. అందుచే పలువురు ఆయనను భారత భూగర్భశాస్త్ర పితగా గౌరవించుచున్నారు.